ఒక నెల పేరు, మూడు మతాల పండుగలు: ఒక సంవాదం

భేదపక్షం: సిక్కుల వైశాఖి, హిందువుల వైశాఖ పూర్ణిమ, బౌద్ధుల వెసాక్ అనే మూడూ ఒకే పండుగకు మూడు రూపాలని చెప్పడం పాఠ్యపుస్తకాలలోనూ పండుగ పూట పంపుకొనే శుభాకాంక్షలలోనూ అలవాటైపోయింది, అయితే ఈ మాట పంచాంగం ముందే నిలవదు. వైశాఖి సౌరమానాన్ని అనుసరించే పండుగ, అంటే సూర్యుడు మీనరాశిని దాటి మేషరాశిలో ప్రవేశించే మేష సంక్రమణాన్ని పట్టి నిర్ణయమయ్యేది కాబట్టి, ఈ కాలంలో అది ఏటా ఏప్రిల్ 13న గానీ 14న గానీ వస్తుంది. వెసాక్ చాంద్రమానాన్ని అనుసరించేది, అంటే చంద్రుడు విశాఖా నక్షత్రం దాపున నిండుగా కనిపించే పూర్ణిమను పట్టి వచ్చేది కాబట్టి, దాని తేదీ ఏటా మారుతుంది. అమావాస్యతో నెల ముగించే తెలుగువారి లెక్క ప్రకారం మేష సంక్రమణం ఏ చాంద్రమాసంలో జరుగుతుందో ఆ మాసానికే చైత్రమని పేరు. అందువల్ల పంజాబు వైశాఖి జరుపుకొనే రోజున తెలుగు పంచాంగం చైత్రమాసాన్నే చూపుతుంది. 2024లో వైశాఖి ఏప్రిల్ 13న, బుద్ధ పూర్ణిమ మే 23న వచ్చాయి. ఈ ఎడం కొన్ని సంవత్సరాలలో రెండు మూడు వారాలకు తగ్గినప్పటికీ, రెండూ ఒకే రోజున కలిసే సంవత్సరం ఉండదు. నెల పేరు రెండింటిలోనూ వినిపించినంత మాత్రాన పండుగ ఒకటైపోదు.

సమన్వయపక్షం: తేదీల లెక్క సరైనదే, కానీ తేదీ వేరైతే పండుగ వేరవుతుందన్న సూత్రాన్ని చివరిదాకా పాటిస్తే బౌద్ధుల పండుగే ముక్కలైపోతుంది. 2023లో శ్రీలంక వెసాక్‌ను మే 5న జరుపుకోగా, అధికమాసాన్ని మరోవిధంగా లెక్కించే థాయిలాండ్ దానినే జూన్ 3న జరుపుకుంది. జపాన్ బుద్ధుని జన్మదినాన్ని ఏటా ఏప్రిల్ 8న పూల పండుగగా చేస్తుంది. టిబెట్ సంప్రదాయం తన నాలుగవ నెల పూర్ణిమను బుద్ధుని జ్ఞానోదయానికి, పరినిర్వాణానికి కేటాయించి, జననాన్ని మరొక రోజున తలచుకుంటుంది. మరోవైపు చూస్తే, ఆ ఒక్క మేష సంక్రమణమే పంజాబులో వైశాఖమాసానికీ, బెంగాలులో బొయిశాఖానికీ, తమిళనాట చిత్తిరైకీ నాంది. కేరళలో విషు, అస్సాంలో బొహాగ్ బిహు, ఒడిశాలో పణా సంక్రాంతి అప్పుడే వస్తాయి. బౌద్ధం ప్రధానమైన థాయిలాండ్ సోంగ్‌క్రాన్ పేరుతో, శ్రీలంక అలుత్ అవురుదు పేరుతో ఆ రోజులలోనే కొత్త సంవత్సరాన్ని ఆహ్వానిస్తాయి. విశాఖ మొదలైన నక్షత్రాలు, మేషం మొదలైన రాశులు, వాటిపై కట్టిన నెలల పేర్లు ఈ మూడు మతాలకూ ఉమ్మడి ఆస్తి. ఆ ఆస్తి లేనిదే ఈ మూడు పండుగలలో ఏ ఒక్కదానికీ రోజు కుదిరేది కాదు.

భేదపక్షం: తేదీ ఒక్కటే ప్రమాణం కాదన్న మాట అంగీకరించదగినదే, అసలు ప్రమాణం ఆ రోజున ఒక సమాజం దేనిని తలచుకుంటుందన్నది. 1699 వైశాఖి నాడు ఆనంద్‌పూర్ సాహిబ్‌లో పదవ గురువైన గురు గోవింద్ సింగ్ సమావేశమైన జనం ముందు కత్తి దూసి, శిరస్సు అర్పించగలవారెవరని అడిగారనీ, ఒకరి తరువాత ఒకరుగా లేచి వచ్చిన ఐదుగురికి ఖండా అనే రెండంచుల కత్తితో కలిపిన తీపి నీటిని అమృతంగా ఇచ్చి ఖాల్సాను, అంటే దీక్ష పొందిన సిక్కుల సమాజాన్ని, నెలకొల్పారనీ, ఆపైన తామే ఆ ఐదుగురి ఎదుట నిలిచి అదే దీక్షను స్వీకరించారనీ సిక్కు సంప్రదాయం చెబుతుంది. వెసాక్ నాడు థేరవాదులు, అంటే పాళీ గ్రంథాలను ప్రమాణంగా గ్రహించే బౌద్ధులు, బుద్ధుని జననం, జ్ఞానోదయం, పరినిర్వాణం మూడూ ఒకే తిథిన జరిగాయని విశ్వసించి ఆ మూడింటినీ స్మరిస్తారు. క్రీస్తుపూర్వపు రాజైన దుట్ఠగామణి ఇరవైనాలుగు వెసాక్ ఉత్సవాలు చేయించాడని సింహళ చరిత్ర గ్రంథమైన మహావంశం చెప్పడాన్ని బట్టి ఈ పండుగ ఎంత పాతదో ఊహించవచ్చు. అదే పూర్ణిమ హిందువులకు నదీస్నానానికీ దానానికీ కూర్మ జయంతికీ నెలవు. తెలుగువారికి అది తాళ్లపాక అన్నమాచార్యుల జయంతి కూడా. ఈ స్మృతులలో ఒకదానికి మరొకటి ప్రత్యామ్నాయం కాలేదు. సోంగ్‌క్రాన్ ఉదాహరణ కూడా ఈ వైపే సాక్ష్యం చెబుతుంది, ఎందుకంటే థాయి బౌద్ధులు సంక్రమణాన్ని సంవత్సరాదిగానూ వైశాఖ పూర్ణిమను బుద్ధుని దినంగానూ విడివిడిగా జరుపుకుంటూ, ఒకదానితో ఒకటి ఎన్నడూ కలపలేదు.

సమన్వయపక్షం: స్మృతి వేరని ఒప్పుకున్న తరువాత కూడా, ఆ స్మృతికి ఆ రోజే ఎందుకు దొరికిందన్న ప్రశ్న మిగులుతుంది. మూడవ గురువైన గురు అమర్‌దాస్ గోయింద్‌వాల్‌లో వైశాఖికి, దీపావళికి సిక్కులను సమావేశపరిచే ఆచారాన్ని ప్రారంభించారని సంప్రదాయం చెబుతుంది. పంటలు చేతికి వచ్చి, దారులు పొడిగా ఉండి, జనం ఎటూ ప్రయాణాలకు సిద్ధపడే రోజులవి. 1699లో ఆనంద్‌పూర్‌కు దూరదేశాల నుంచి అంతమంది చేరగలిగారంటే, అంతకు ముందు నుంచే వైశాఖి కలుసుకొనే రోజుగా జనంలో పాతుకుపోయి ఉండడం దానికొక కారణం. ఆ ఐదుగురు, సిక్కులు పంజ్ ప్యారే అని పిలిచే ఐదుగురు ప్రియతములు, లాహోర్, హస్తినాపురం, జగన్నాథ పురి, ద్వారక, బీదర్ ప్రాంతాలకు చెందినవారు. వారిలో భాయీ సాహిబ్ సింగ్ స్వస్థలమైన బీదర్ 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలో భాగం. పద్దెనిమిదవ శతాబ్దంలో సర్బత్ ఖాల్సా, అంటే సిక్కుల సర్వసభ, అమృత్‌సర్‌లో వైశాఖికి, దీపావళికే కూడి సమష్టి నిర్ణయాలు చేసేది. ఖాల్సా కొత్త అర్థాన్ని సృష్టించిందన్నది నిస్సందేహం. ఆ అర్థం నాటుకొన్న నేల మాత్రం అప్పటికే దున్ని ఉంది.

భేదపక్షం: ఉన్న రోజునే ఎంచుకోవడం ఎప్పుడూ కొనసాగింపు కానక్కరలేదు, కొన్నిసార్లు అది స్పష్టమైన మళ్లింపు. జనం తీర్థయాత్రలకు మళ్లే రోజులలోనే గురు అమర్‌దాస్ వారిని తమ దగ్గరకు పిలిచింది ఆ యాత్రల నుంచి వారిని విడదీయడానికేనని సిక్కు చరిత్రకారులు వివరిస్తారు. హోలీ మరునాడు ఆనంద్‌పూర్‌లో గురు గోవింద్ సింగ్ ప్రవేశపెట్టిన హోలా మొహల్లా ఇందుకు మరింత స్పష్టమైన ఉదాహరణ: రంగుల ఆటకు బదులు వ్యూహాలు పన్ని చేసే యుద్ధాభ్యాసం, గుర్రపు స్వారీ, గత్కా అనే కర్రసాము ఆ పండుగకు ప్రాణం, నిహాంగులు, అంటే నీలి దుస్తులు ధరించే సాయుధ సిక్కులు, నేటికీ దానిని నడుపుతున్నారు. ఇరవయ్యవ శతాబ్దంలో డాక్టర్ అంబేడ్కర్ 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించిన రోజు విజయదశమి. అశోకుడు ధర్మమార్గం పట్టిన రోజుగా దానిని అశోక విజయదశమి అని పిలుస్తూ, బుద్ధుడు విష్ణువు అవతారమన్న మాటను నమ్మనని చెప్పే ప్రతిజ్ఞను కూడా ఆయన తన ఇరవై రెండు ప్రతిజ్ఞలలో చేర్చి అనుయాయుల చేత చేయించారు. ఒకే రోజున పక్కపక్కనే నిలిచినప్పుడే భేదం బిగ్గరగా వినిపిస్తుంది. అటువంటి రోజును చూపి రెండు పండుగలూ ఒకటేననడం, ఆ రోజును ఎంచుకున్నవారి ఉద్దేశాన్ని తలకిందులు చేయడం.

సమన్వయపక్షం: నాగపూర్ విషయంలో ఈ మాటకు ఎదురు లేదు, ఉద్దేశాన్ని అంత స్పష్టంగా ప్రకటించిన చోట మరొక అర్థాన్ని దాని మీద రుద్దడం అన్యాయమే. అయితే చరిత్రలో పండుగలన్నీ ప్రతిజ్ఞలతో మొదలు కాలేదు. ఐదవ శతాబ్ది తొలినాళ్లలో పాటలీపుత్రాన్ని చూసిన చైనా యాత్రికుడు ఫాహియాన్, ఏటా జరిగే బౌద్ధ విగ్రహాల రథయాత్రను వర్ణిస్తూ, బ్రాహ్మణులే వచ్చి బుద్ధ ప్రతిమలను నగరంలోకి ఆహ్వానించేవారని రాశాడు. కాఠ్మాండూ లోయలోని నేవారులలో బుద్ధమార్గులు, శివమార్గులు అనే రెండు వర్గాలవారూ దీపావళి రోజులలోనే స్వంతి పండుగ జరుపుకొని, తమ దేహంలోని ఆత్మశక్తిని అర్చించే మ్హ పూజను ఇంటింటా చేస్తారు. సింధీలలో అనేకులు నానక్‌పంథీలు, అంటే ఖాల్సా దీక్ష తీసుకోకపోయినా గురు నానక్‌ను అనుసరించేవారు. సిక్కుల పవిత్ర గ్రంథమైన గురు గ్రంథ్ సాహిబ్‌ను పూజనీయంగా చూసుకుంటూనే వారు హిందూ పండుగలనూ జరుపుకుంటారు. పంతొమ్మిదవ శతాబ్ది చివర సింగ్ సభ అనే సిక్కు సంస్కరణోద్యమం బలపడేదాకా పంజాబులో సిక్కు, హిందూ ఆచారాల మధ్య గీత ఇంత గట్టిగా లేదని చరిత్రకారుడు హర్‌జోత్ ఒబెరాయ్ 1994లో వెలువరించిన గ్రంథంలో వాదించారు. ఆ వాదన మీద సిక్కు పండితులలో తీవ్రమైన ఆక్షేపణ వచ్చినప్పటికీ, 1905లో అమృత్‌సర్ స్వర్ణదేవాలయమైన దర్బార్ సాహిబ్ ప్రదక్షిణ మార్గం నుంచి విగ్రహాలను తొలగించవలసి వచ్చిందన్న వాస్తవం, అంతకు ముందు అవి అక్కడ ఉండేవని చెబుతుంది.

భేదపక్షం: కలగలిసిన ఆచారం ఒకప్పుడు ఉండేదన్నది నిజం, ఇప్పటికీ కొన్నిచోట్ల ఉందన్నదీ నిజం, కానీ ‘అంతా ఒకటే’ అనే మాట ఎవరి నోట ఎక్కువగా వినిపిస్తుందో గమనించాలి. సంఖ్యలో పెద్దదైన మతానికి ఆ మాట వల్ల కలిగే నష్టం లేదు, చిన్న మతాలకు మాత్రం తమ ఉనికినే మళ్లీ మళ్లీ నిరూపించుకోవలసిన భారం పడుతుంది. సిక్కు పండితుడు భాయీ కాహన్ సింగ్ నాభా 1898లో సిక్కులు హిందువులు కారని చెప్పడానికే ఒక గ్రంథం రాయవలసి వచ్చింది. బుద్ధుని దశావతారాలలో తొమ్మిదవ స్థానంలో నిలిపిన సంప్రదాయం ఆయనను గౌరవించినట్లే కనిపించినా, ఆయన బోధనను స్వతంత్ర ధర్మంగా గుర్తించే అవసరాన్ని తప్పించింది. జ్ఞానోదయ స్థలమైన బోధ్‌గయా ఆలయాన్ని 1949 చట్టం ఒక కమిటీకి అప్పగించి, అందులో నలుగురు బౌద్ధులతో పాటు నలుగురు హిందువులకు స్థానమిచ్చి, అధ్యక్షత జిల్లా మేజిస్ట్రేటుకు కట్టబెట్టింది. ఆలయాన్ని పూర్తిగా తమకే అప్పగించాలని బౌద్ధులు దశాబ్దాలుగా కోరుతున్నారు. రాజ్యాంగం 25వ అధికరణానికి చేర్చిన రెండవ వివరణ, హిందువులన్న మాటలో సిక్కులు, జైనులు, బౌద్ధులు చేరతారని చెప్పడం మీద సిక్కుల అభ్యంతరం కూడా ఈ కోవలోదే. పండుగల పేర్లను కలిపివేయడం చిన్న విషయంగా తోచవచ్చు, కానీ అది ఈ పెద్ద ప్రవాహంలో భాగంగానే సాగుతుంది.

సమన్వయపక్షం: అధికారానికి సంబంధించిన ఈ వాదన బరువైనది, బోధ్‌గయా విషయంలో బౌద్ధుల కోరికకు సమన్వయం పేరుతో అడ్డు చెప్పడం సాధ్యం కాదు, చెప్పకూడదు కూడా. రాజ్యాంగపు వివరణ మాత్రం దేవాలయ ప్రవేశానికీ సాంఘిక సంస్కరణకూ సంబంధించిన ఒక ఉపనిబంధనకే పరిమితమైనదని గుర్తుంచుకోవడం న్యాయం. అయినా, గీత గీసే సాధనం పూర్తిగా తమ చేతిలో ఉన్నప్పుడు సిక్కు సమాజం ఏం చేసిందో కూడా చూడాలి. గురు నానక్ జన్మ సంవత్సరమైన 1469ని ఆదిగా గ్రహించి పాల్ సింగ్ పురేవాల్ రూపొందించిన నానక్‌షాహీ పంచాంగాన్ని గురుద్వారాలను నిర్వహించే శిరోమణి గురుద్వారా ప్రబంధక్ కమిటీ 2003లో అమలులోకి తెచ్చింది. రాశులను పట్టి లెక్కించే సంవత్సరం ఋతువుల సంవత్సరం కంటే కొంచెం పెద్దది కావడం వల్ల సంక్రమణం అరవై, డెబ్బై ఏళ్లకొక రోజు వంతున ముందుకు జరిగిపోతుంది కాబట్టి, కొత్త పంచాంగం నెలలను ఋతువులకు కట్టివేసి వైశాఖిని ఏప్రిల్ 14కు స్థిరపరిచింది. ఆ పంచాంగం సైతం గురు నానక్ జయంతిని, దీపావళి నాటి బందీ ఛోడ్ దివస్‌ను, హోలా మొహల్లాను పాత చాంద్రమానానికే విడిచిపెట్టింది. 2010లో సవరణల ద్వారా సంక్రాంతులు కూడా పాత లెక్కకు మరలాయి. పాత జన్మసాఖీలలో, అంటే గురు నానక్ జీవిత గాథలలో, కొన్ని ఆయన జననాన్ని వైశాఖంలో చెబుతున్నాయని కరమ్ సింగ్ అనే చరిత్రకారుడు ఒక పుస్తకమే రాసినా, జనం కార్తిక పూర్ణిమను విడువలేదు. తెలుగు లోగిళ్లలో దీపాలు వెలిగే ఆ పూర్ణిమను సిక్కులు ఎవరి బలవంతం వల్లా కాక తమ ప్రేమ వల్లనే నిలుపుకున్నారు.

భేదపక్షం: నిలుపుకోవాలా మార్చాలా అన్న నిర్ణయం సిక్కులే చేసుకున్నారన్నదే ఇక్కడ ముఖ్యమైనది, ఆ నిర్ణయం చాంద్రమానం వైపు మొగ్గినంత మాత్రాన పండుగ హిందూ పండుగ కాలేదు. తేదీ, స్మృతి అనే రెండింటికంటే లోతైన మూడవ భేదం ఒకటుంది: కాలాన్ని ఈ మూడు మతాలూ చూసే తీరు. హిందూ ధర్మశాస్త్రంలో పర్వకాలానికే స్వయంగా పుణ్యశక్తి ఉంది. సంక్రమణ పుణ్యకాలంలో చేసిన స్నానం, జపం, దానం మామూలు రోజున చేసినదాని కంటే అధిక ఫలమిస్తాయి కాబట్టి, ఆ ఘడియలను గణించడమే పంచాంగ కర్త పని. గురు గ్రంథ్ సాహిబ్‌లోని గురు అమర్‌దాస్ వాణి తిథులను, వారాలను కొలిచేవారిని అజ్ఞానులుగా నిరసిస్తుంది. సిక్కు దృష్టిలో ఏ రోజూ మరొక రోజు కంటే పవిత్రం కాదు, ఆ రోజున జరిగినదానిని తలచుకొని నామస్మరణలోనూ సేవలోనూ నిలవడమే పండుగ. బౌద్ధంలో పూర్ణిమ ఉపోసథ దినం, అంటే గృహస్థులు ఎనిమిది శీలాలు పాటించి, భిక్షువులు తమ నియమావళిని పఠించి నడవడిని సరిచూసుకొనే రోజు. ఒకచోట కాలం ఫలమిస్తుంది, ఒకచోట స్మృతి నిలబెడుతుంది, ఒకచోట నడవడి శుద్ధి చేస్తుంది. బయటి రూపం ఎంత దగ్గరగా ఉన్నా, లోపలి తర్కం వేరైనప్పుడు పండుగలు ఒకటి కాజాలవు.

సమన్వయపక్షం: ఈ మూడు తర్కాల విభజన ఇంతవరకు వచ్చిన వాదాలన్నింటిలో శక్తిమంతమైనది, గ్రంథాలకు అది బాగా సరిపోతుంది, జీవితానికి మాత్రం అంతగా సరిపోదు. వైశాఖి నాడు అమృత్‌సర్ సరోవరంలో మునిగే లక్షలాది భక్తులు ఆ రోజు స్నానానికి ప్రత్యేకత లేదనుకొని రారు. నెల మొదటి రోజైన సంగ్రాంద్, అంటే సంక్రాంతి నాడు, గురుద్వారాలలో గురు అర్జన్ రచించిన బారహ్ మాహా అనే పన్నెండు నెలల వాణిని చదివి వినిపించడం నేటికీ సాగుతోంది. వెసాక్ నాడు శ్రీలంక వీధులలో దన్సల్ అనే ఉచిత అన్నశాలలు నడిపేవారు, ఆ రోజు దానానికి కలిగే పుణ్యాన్ని మనసులో ఉంచుకొనే నడుపుతారు. హిందువుల జయంతులన్నీ స్మృతి పండుగలే. అన్నమయ్య జయంతికి తాళ్లపాకలోనూ తిరుపతిలోనూ జరిగేది ఆయన కీర్తనలను గానం చేసి ఆయనను తలచుకోవడమే. బౌద్ధ ఉపోసథం పుట్టుకను ఆ మత గ్రంథమే చెబుతుంది: అన్యమతాల పరివ్రాజకులు అష్టమి, చతుర్దశి, పూర్ణిమలలో సమావేశమై ధర్మం చెప్పి జనం ఆదరణ పొందుతున్నారని గమనించిన మగధ రాజు బింబిసారుడు, భిక్షువులు కూడా ఆ రోజులలో కలిస్తే బాగుంటుందని బుద్ధునికి విన్నవించాడనీ, ఆయన సమ్మతించాడనీ వినయ పిటకంలోని మహావగ్గం నమోదు చేసింది. పొరుగువారి నుంచి రోజును తీసుకున్నామని చెప్పుకోవడానికి ఆ గ్రంథం ఏమాత్రం సంకోచించలేదు.

భేదపక్షం: ఆ కథను చివరిదాకా చదవడం అవసరం. భిక్షువులు మొదట ఆ రోజులలో కలిసి మౌనంగా కూర్చున్నారనీ, జనం ఆక్షేపించిన మీదట ధర్మోపదేశం మొదలైందనీ, ఆపైన నియమావళి పఠనాన్ని బుద్ధుడు విధించాడనీ మహావగ్గం వరుసగా చెబుతుంది. తీసుకున్నది రోజును, కట్టుకున్నది పూర్తిగా తమదైన విధిని. ఆషాఢ పూర్ణిమ కూడా ఇదే పాఠం చెబుతుంది. హిందువులు దానిని వేదవ్యాసుని పేర వ్యాస పూర్ణిమగా, గురు పూర్ణిమగా జరుపుకుంటారు. బౌద్ధులు సారనాథ్‌లో బుద్ధుడు ఐదుగురు శిష్యులకు చేసిన తొలి ఉపదేశానికి గుర్తుగా జరుపుకొని, మరునాటి నుంచి వానకాలంలో భిక్షువులు ఒకేచోట నివసించే వర్షావాసాన్ని ప్రారంభిస్తారు. గురువు అన్న భావనే పునాదిగా గల సిక్కు మతం, 1708లో గోదావరి ఒడ్డున నాందేడ్‌లో గురుత్వం గురు గ్రంథ్ సాహిబ్‌కు సంక్రమించిందని విశ్వసిస్తూ, ఆ పూర్ణిమను తన గురుపర్వాలలో చేర్చుకోనేలేదు. పేరు ఒకటై ఉన్నచోట కూడా గురువు ఒకరు కారు. దీపావళి రాత్రి తెలుగువారు నరకాసుర వధను తలచుకొని లక్ష్మీపూజ చేస్తే, సిక్కులు గురు హర్‌గోబింద్ గ్వాలియర్ కోట చెర నుంచి తమతో పాటు యాభై ఇద్దరు రాజులను విడిపించుకొని వచ్చిన ఘట్టాన్నీ, అమృత్‌సర్ దీపావళి సమావేశం కారణంగా లాహోర్‌లో ప్రాణమర్పించిన భాయీ మణీ సింగ్‌నూ స్మరిస్తారు. కాబట్టి పాఠ్యపుస్తకం గానీ పత్రిక గానీ ప్రతి పండుగ విషయంలోనూ రోజును ఏ మానంతో లెక్కిస్తారు, దేనిని తలచుకుంటారు, ఆ రోజున ఏం చేస్తారు అనే మూడు ప్రశ్నలకు ఎవరి పండుగకు వారి మాటల్లోనే సమాధానం చెప్పాలి.

సమన్వయపక్షం: ఆ మూడు ప్రశ్నలూ ఉండవలసినవే, కానీ ఏ పండుగ దేనిని ఎవరి నుంచి గ్రహించింది, ఎవరితో కలిసి జరుపుకుంది అనే నాలుగవ ప్రశ్న లేకపోతే చిత్రం అసంపూర్ణం. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్‌లో చేరినవారు వైశాఖికని అమృత్‌సర్ వచ్చినవారు, నిరసన సభకని వచ్చినవారు. సిక్కులు, హిందువులు, ముస్లింలు కలిసి ఉన్న ఆ జనం మీద జరిపిన కాల్పులలో అధికారిక లెక్క ప్రకారమే 379 మంది మరణించారు. ఆనాటి నుంచి వైశాఖికి మరొక స్మృతి చేరింది, దానిని ఏ ఒక్క మతపు గడిలోనూ పూర్తిగా ఉంచలేము. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 1999 డిసెంబరులో వెసాక్‌ను గుర్తిస్తూ చేసిన తీర్మానం కూడా, ఒక మతపు పవిత్ర దినం లోకమంతటికీ గౌరవనీయం కాగలదన్న నమ్మకంతో చేసినదే. భేదాలను మాత్రమే నేర్చుకున్న విద్యార్థికి పొరుగువారి పండుగ ఒక సమాచారంగా మిగులుతుంది. పంచుకున్నదానిని కూడా నేర్చుకున్నవారికే అది ఆహ్వానంగా వినిపిస్తుంది.

భేదపక్షం: జలియన్‌వాలా బాగ్‌లో కలిసి నిలిచినవారు ఒకే పండుగ జరుపుకొనేవారు కానవసరం లేకపోయింది, వేర్వేరు విశ్వాసాలవారై ఉండి కూడా ఒకే అన్యాయాన్ని ఎదుర్కొన్నారు కాబట్టే ఆ ఐక్యతకు అంత విలువ. నాలుగవ ప్రశ్నను చేర్చడానికి ఈ పక్షానికి అభ్యంతరం లేదు, అయితే దానిని నాలుగవదిగానే ఉంచాలి. మొదట ఖాల్సా వైశాఖి ఖాల్సాది, వెసాక్ బుద్ధునిది అని స్పష్టంగా చెప్పి, ఆపైన వాటి మధ్య రాకపోకలను వివరించవచ్చు. క్రమం తారుమారైతే ఇచ్చిపుచ్చుకోవడాల కథ మూలం ఎవరిదన్న పోటీగా మారిపోతుంది, ఆ పోటీలో సంఖ్యాబలం ఉన్నవారే గెలుస్తారు. పండుగకు పేరు పెట్టి, దాని అర్థం చెప్పే హక్కు దానిని జరుపుకొనేవారిది.

సమన్వయపక్షం: హక్కు జరుపుకొనేవారిదేనన్న సూత్రాన్ని మనస్ఫూర్తిగా అంగీకరించవచ్చు, చిక్కు ఆ సూత్రం నుంచే పుడుతుంది. స్వంతి నాడు మ్హ పూజ చేసే నేవారు కుటుంబమూ, గురు గ్రంథ్ సాహిబ్ పఠనం ముగించి లక్ష్మీపూజకు దీపం పెట్టే నానక్‌పంథీ కుటుంబమూ జరుపుకొనేవారే. వారిని అడిగితే తమ పండుగ ఒక మతానిదని చెప్పరు, రెండూ తమవే అంటారు, ఆ సమాధానం తరతరాల ఆచరణ నుంచి వచ్చినది. మూడు గడుల పట్టికలో వారికి చోటు లేదు. జనగణన ఫారంలో ఒక మతాన్నే ఎంచుకోమన్నప్పుడు అటువంటి కుటుంబాలకు ఎదురయ్యే ఇరకాటమే పాఠ్యపుస్తకం కూడా కల్పిస్తే, జరుపుకొనేవారి మాటకే విలువ అన్న సూత్రం ఎవరి విషయంలో నెరవేరినట్లు?

భేదపక్షం: వారికి ఆ పట్టికలో చోటు లేదన్నది కాదనలేని లోపం, దానిని కప్పిపుచ్చడం తగదు. అయితే వారి కోసం గడులన్నీ చెరిపివేస్తే, నాగపూర్‌లో ప్రతిజ్ఞ చేసి తరతరాల అవమానం నుంచి బయటకు నడిచినవారికీ, తమ పేరు తామే నిర్వచించుకోవడానికి ఒక శతాబ్దం పాటు వాదించిన సిక్కులకూ అదే అన్యాయం మరొక రూపంలో జరుగుతుంది. ఎంతో మూల్యం చెల్లించి గీత గీసుకున్నవారి పట్ల ఒక బాధ్యత ఉంది, ఏనాడూ గీత గీసుకోని వారి పట్ల మరొక బాధ్యత ఉంది. ఒకదానిని నెరవేర్చే వర్ణన రెండవదానిని కొంతైనా గాయపరచక మానదు. ఈ రెండింటిలో ఏది ముందన్నది పంచాంగం గానీ శాసనం గానీ తేల్చగలది కాదు.

సమన్వయపక్షం: తేలనప్పటికీ, తేలినట్లు రాయడం మానుకోవచ్చు. వైశాఖి గురించి గానీ వెసాక్ గురించి గానీ రాసే ప్రతివారూ తాము ఎవరి ఆచరణను చూసి, ఎవరి మాట విని రాస్తున్నారో, ఎవరిని విడిచిపెడుతున్నారో అక్కడే చెప్పి తీరాలన్న ఒక్క నియమం దగ్గర రెండు పక్షాలూ కలుసుకోగలవు. ఆ నియమాన్ని పాటించిన తరువాత కూడా, విడిచిపెట్టవలసి వచ్చినవారు ఎవరై ఉండాలన్న విషయంలో విభేదం కొనసాగుతూనే ఉంటుంది.